ఆ పిల్ల అడిగింది పాయసం గురించి కాదు

ప్రశ్న: నా వయసు 34. మాది కాకినాడ దగ్గర పల్లెటూరు, ఉండేది హైదరాబాద్‌లో. రెండో కాన్పు తర్వాత బరువు పెరిగాను. షుగర్ బోర్డర్‌లో ఉందని డాక్టరు చెప్పడంతో ఆన్‌లైన్‌లో ఒక డైట్ గ్రూపులో చేరాను. మన వంటల్నే కేలరీలు తగ్గించి చేసి ఫొటోలు పెట్టేదాన్ని. కాలీఫ్లవర్ పులిహోర, పంచదార లేని సొరకాయ పాయసం, పాలపొడి పూతరేకులు, ఇలాంటివి. నా షుగర్ అదుపులోకి వచ్చింది, గ్రూపులో అందరికీ అక్కనయ్యాను. మొన్న మరిది కూతురి ఓణీల ఫంక్షన్‌కి కూడా నా డబ్బా నేనే పట్టుకెళ్లాను, అందరూ మెచ్చుకున్నారు. కానీ ఏడాదిగా గ్రూపు తీరు మారింది. ఎవరెంత తక్కువ తిన్నారో రోజూ రాత్రి స్క్రీన్‌షాట్లు పెడతారు. అందరికన్నా చిన్న అంకె ఉన్నవాళ్లకి చప్పట్లు. "అక్కా, పాయసంలో పాలు కూడా తీసేసి చెప్పండి" అంటారు. మొన్న రాత్రి పన్నెండు దాటాక ఒక ఇంజనీరింగ్ అమ్మాయి నాకు విడిగా మెసేజ్ పెట్టింది. 19 ఏళ్లు, హాస్టల్లో ఉంటుంది. "అక్కా, మీ పాయసం చేసుకుని రెండు గ్లాసులు తాగేశాను. రేపంతా ఏమీ తినను. లెక్క సరిపోతుందా?" అని. నాలుగు నెలలుగా నెలసరి రావడం లేదని, జుట్టు ఊడుతోందని కూడా రాసింది. నాకు నిద్ర పట్టలేదు. ఇంకా జవాబివ్వలేదు. తప్పు నా వంటలదా? పెట్టడం మానేయాలా? ఆ పిల్లకి ఏం చెప్పాలి? ఇంకోటి, చిన్న విషయమే. మా ఎనిమిదేళ్ల పాప నిన్న టిఫిన్ దగ్గర "అమ్మా, ఇడ్లీలో ఎన్ని కేలరీలు?" అని అడిగింది.
గోదావరి అమ్మాయి

జవాబు: ముందు ఆ పిల్ల సంగతి చూద్దాం. మీ వంటల గురించీ గ్రూపు గురించీ తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.

అర్ధరాత్రి దాటాక, ముఖం చూసి ఎరగని మనిషికి "లెక్క సరిపోతుందా" అని రాసిందంటే, లెక్క రాక కాదు. మీకన్నా నాకన్నా ఆ లెక్క తనకే బాగా వచ్చు. రెండు గ్లాసులు తాగినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. రేపు తిండి మానేస్తే ఆ తప్పు చెల్లిపోతుందని ఎవరో ఒకరు అనాలి. ఆ మాట కోసం మీ దగ్గరికి వచ్చింది. మీరు "పర్లేదు, సరిపోతుంది" అని ఉంటే శిక్ష ఖరారు చేసినట్టయ్యేది. జవాబివ్వకుండా ఆగారు, నయమైంది. కానీ ఇంక ఆగకండి. ఇది చదవడం అయిపోగానే రాయండి.

ఏం రాయాలో తోచకపోతే ఇలా రాయండి: "చెల్లీ, మొన్న రాత్రి నువ్వు పెట్టింది చదివాను. లెక్క నేను చెప్పను. నాలుగు నెలలుగా నెలసరి లేదన్నావు, అది చదివి నాకు టెన్షన్‌గా ఉంది. తిట్టడానికి కాదు గానీ ఒకసారి మాట్లాడుకుందామా? నీకు ఏ టైముకి వీలు?" ఇంతే. పాయసం ప్రస్తావన వద్దు. "ముందు కడుపు నిండా తిను" అని ఉపదేశాలూ వద్దు. ఒంటి గురించి ఒక్క మాట కూడా వద్దు. "చిక్కిపోయి ఉంటావు" అన్నా ఆ పిల్ల చెవికి అది మెచ్చుకోలుగానే వినిపిస్తుంది. "లావుగా లేవులే" అన్నా అదే గోల, మళ్లీ ఒంటి మీదకే చూపు పోతుంది. అన్నట్టు, ఆమె సన్నగా ఉంటుందని మనం ఊహించుకోవడం కూడా తప్పే. ఈటింగ్ డిజార్డర్, అంటే తిండి చుట్టూ అల్లుకున్న మానసిక జబ్బు, ఉన్నవాళ్లు బొద్దుగా ఉండొచ్చు, మామూలుగా ఉండొచ్చు. పుల్లలా ఉంటేనే జబ్బు అనుకోవడం వల్ల చాలామంది పిల్లలకు ఇంట్లోవాళ్ల సాయం ఆలస్యంగా అందుతోంది.

ఇక నెలసరి. తిండి చాలనప్పుడు శరీరం ఇంటి యజమానిలా ఖర్చులు తగ్గించుకుంటుంది. బిడ్డని మోయడానికి సిద్ధం కావడం పెద్ద ఖర్చు కాబట్టి మెదడులో హైపోథాలమస్ అనే భాగం అండాశయాలకు పంపే సంకేతాలు తగ్గించేస్తుంది. నెలసరి ఆగుతుంది. ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోను పడిపోతుంది. ఈస్ట్రోజెన్ లేకపోతే ఎముక బలపడదు. మనిషి జీవితమంతా వాడుకునే ఎముక బలాన్ని కూడబెట్టుకునేది సుమారుగా ఇరవైల్లోపు, ఇరవైల్లో. ఆ పిల్ల సరిగ్గా ఆ వయసులో ఉంది. జుట్టు ఊడటం కళ్లకు కనిపిస్తుంది కాబట్టి దాని గురించి బాధపడుతోంది. ఎముక కనిపించదు.

మన దగ్గర ఇందులో ఒక మెలిక ఉంది, మీరు ఆ పిల్లకి తప్పకుండా చెప్పాల్సింది ఇదే. నెలసరి తప్పిందనగానే పక్కింటావిడ మొదలుకుని ప్రతి ఒక్కరూ "పీసీఓడీ అయ్యుంటుంది, బరువు తగ్గు" అంటారు. పీసీఓడీ, అంటే స్కానింగ్‌లో అండాశయాల్లో నీటిబుడగల్లాంటివి కనిపించే హార్మోన్ల సమస్య, చాలామందికి నిజంగానే ఉంటుంది, వాళ్లలో కొందరికి బరువు తగ్గితే మేలూ జరుగుతుంది. కానీ తిండి తగ్గి నెలసరి ఆగిన అమ్మాయికి స్కానింగ్ తీసినా అండాశయాల్లో నీటిబుడగల్లాంటివి కనిపించవచ్చు. రిపోర్టు మీద అదే పేరు పడుతుంది. చేతికి ఇంకో డైట్ చార్టు వస్తుంది. అన్నం మానేసి జబ్బు తెచ్చుకున్న పిల్లకి మందుగా మళ్లీ అన్నం మానేయమని రాసిస్తారు! అందుకని లేడీ డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు "నెలసరి రావట్లేదు" అని మాత్రమే చెప్పి ఊరుకోకూడదు. ఎన్నాళ్లుగా తిండి తగ్గించింది, ఎంత తొందరగా బరువు తగ్గింది, ఎంత వ్యాయామం చేస్తోంది, ఇవన్నీ నోరు తెరిచి చెప్పాలి. సిగ్గనిపిస్తే కాగితం మీద రాసి ఇమ్మనండి. థైరాయిడ్, గర్భం లాంటి మిగతా కారణాలు డాక్టరు ఎలాగూ చూస్తారు. మూడు నెలలు దాటి నెలసరి రాకపోతే చూపించుకోవాల్సిందే, ఆమెకి నాలుగు అయ్యాయి.

లేడీ డాక్టరుతో ఆగకూడదు. మానసిక వైద్యులు ఒకరు, తిండి సంగతి తెలిసిన డైటీషియన్ ఒకరు కూడా ఉండాలి. అంత దూరం వెళ్లే ధైర్యం ఇప్పుడే లేకపోతే టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, నంబరు 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టింది. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. రాత్రి పన్నెండుకి లెక్క అడగాలనిపించినప్పుడు అక్కడికి చేయమనండి, ఆ టైములో కూడా ఎత్తుతారు. మీరు కూడా చేయొచ్చు, "ఫలానా అమ్మాయితో ఎలా మాట్లాడాలి" అని.

ఫోన్‌లో మాట్లాడేటప్పుడు కళ్లు తిరిగి పడిపోయానని గానీ, గుండె దడదడలాడుతోందని గానీ, తిన్నది కక్కుకుంటున్నానని గానీ చెబితే అదింక వచ్చేవారం అపాయింట్‌మెంట్ తీసుకునే వ్యవహారం కాదు. ఒంట్లో పొటాషియం పడిపోతే గుండె లయ తప్పుతుంది. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి రక్తపరీక్ష, ఈసీజీ తీయించుకోవాలి. బతకాలని లేదన్న మాట వచ్చినా అంతే, ఫోన్ పెట్టేయకుండా అక్కడ పక్కన ఎవరున్నారో కనుక్కుని వాళ్లని పిలిపించండి. "ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి అక్కా" అంటుంది. వేయకండి. "నీకు చెప్పకుండా ఎవరికీ చెప్పను, కానీ ఎవరో ఒకరికి చెప్పాల్సిందే, ఎవరికి చెబుదాం? అమ్మకా, పిన్నికా, వార్డెన్‌కా?" అనండి. మీరు ఆ పిల్లకి డాక్టరు కారు, తల్లి కారు. డాక్టరుకీ తల్లికీ ఆ పిల్లని అప్పజెప్పేదాకా మధ్యలో చెయ్యి పట్టుకునే మనిషి.

ఇప్పుడు మీ వంటలు.

మీకో సంగతి చెప్పాలి. ఇరవై ఏళ్ల కిందట నేనూ డైట్ చార్టులు రాసిచ్చేదాన్ని. ఇంటర్ చదివే ఒక అమ్మాయిని వాళ్లమ్మ తీసుకొచ్చింది. ఒక కాగితం మీద పొద్దున్న ఇది, మధ్యాహ్నం ఇంత అని పక్కన అంకెలు వేసి ఇచ్చాను. మూడు నెలల తర్వాత ఆ పిల్ల ఒక లాంగ్ నోట్‌బుక్ తెచ్చి నా బల్ల మీద పెట్టింది. ఎర్ర గీతలు, నీలం గీతలు, రోజుకో పేజీ. పదో తరగతి రికార్డు రాసినట్టు ఎంత ముచ్చటగా ఉందో! ఒకచోట "ద్రాక్షపళ్లు 3" అని రాసి, దాన్ని కొట్టేసి "2" అని దిద్దింది. నేను ఆ కొట్టివేతని చూశాను. చూసి కూడా "వెరీ గుడ్" అని పక్కన టిక్ పెట్టాను. ఆర్నెల్ల తర్వాత వాళ్లమ్మ ఫోన్ చేసింది, పిల్ల బాత్రూంలో పడిపోయిందని. ఆ పిల్ల తర్వాత కోలుకుంది, చాలా కాలం పట్టింది. ఆ టిక్కు మాత్రం నాకు ఇంకా కనిపిస్తూనే ఉంటుంది. అప్పట్నుంచి వంటల పక్కన అంకెలు వేయడం మానేశాను. ఈ జవాబులో కూడా ఏ వంటకీ కేలరీలు రాయను.

కాబట్టి తప్పు మీ వంటలదా అంటే, వంటలది కాదు, వాటి పక్కనున్న అంకెది, కింద పడే చప్పట్లది. షుగర్ బోర్డర్‌లో ఉన్న 34 ఏళ్ల ఆవిడ తెల్లన్నం తగ్గించి కూర పెంచుకుంటే అది బుద్ధిమంతుల పని. అదే పని 19 ఏళ్ల పిల్ల నెలసరి ఆగిపోయేదాకా చేస్తే జబ్బు. సలహా ఒకటే, మనిషి వేరు. అమెరికాలో ఈటింగ్ డిజార్డర్ ఉన్నవాళ్లకి సాయం చేసే ఒక పెద్ద జాతీయ సంస్థ తన వెబ్‌సైట్‌లో టెస్సా అనే చాట్‌బాట్ పెట్టింది. సాయం కోసం వచ్చినవాళ్లకి అది బరువు తగ్గే చిట్కాలు, కేలరీల లెక్కలు చెబుతోందని గొడవ అయి 2023లో తీసేయాల్సి వచ్చింది. అది చెప్పినవి ఇంకొకరికైతే మామూలు డైట్ చిట్కాలే. అడిగేది ఎవరో దానికి తెలియలేదు. గ్రూపులో ఫొటో కింద అంకె పెట్టినప్పుడు మీకూ తెలియదు.

మన పెద్దవాళ్లకి నోరు కట్టుకోవడం కొత్త కాదు. పథ్యం అనేవాళ్లు. జ్వరం తగ్గాక బీరకాయ కూర, చారన్నం, కాన్పయితే వెల్లుల్లి కారం. కానీ పథ్యానికి గడువుండేది. ఇన్ని రోజులు అని ముందే చెప్పేవాళ్లు, ఆ తర్వాత వదిలేసేవాళ్లు. ఆ పథ్యం పెట్టే మనిషి ఎదురుగా కూర్చుని, ముఖం చూసి, "ఇవాళ నీరసంగా ఉన్నావు, కాస్త నెయ్యి వేసుకో" అనేది. మీ గ్రూపులో గడువూ లేదు, ముఖం చూసే మనిషీ లేదు. పైగా ఎవరు ఎక్కువ నోరు కట్టుకుంటే వాళ్లకి బహుమతి. కార్తీకమాసం వెళ్లిపోయినా సోమవారాలు ఆపని పిల్లల్ని చూశాను నేను. ఇంట్లో భక్తి అనుకుంటారు.

ఇంకో విషయం, ఇది మీకు నేరుగా తగులుతుంది. 1944-45లో అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకుల మీద ఒక పరిశోధన చేశాడు. యుద్ధంలో ఆకలితో మాడిన జనాన్ని మళ్లీ ఎలా కోలుకునేలా చేయాలో తెలుసుకోవడం కోసం. వాళ్లంతా మనస్సాక్షి ఒప్పుకోక యుద్ధానికి వెళ్లబోమని చెప్పినవాళ్లు, దీనికి మాత్రం ఇష్టపడి వచ్చారు. ఆర్నెల్ల పాటు వాళ్లకి తిండి బాగా తగ్గించారు. వాళ్లు ఏం చేశారో తెలుసా? వంటల పుస్తకాలు చదవడం మొదలుపెట్టారు. అంతకుముందు పొయ్యి వైపు చూడని మగపిల్లలు రెసిపీలు పోగుచేసుకున్నారు. పళ్లెంలో ఉన్న కాస్తనీ నీళ్లు కలిపి ఎక్కువ చేసుకుని, గంటల తరబడి కెలుకుతూ తిన్నారు. మాటలు తగ్గిపోయాయి, చిరాకు పెరిగింది, నవ్వు పోయింది. వాళ్లకి ముందునుంచీ ఏ మానసిక సమస్యా లేదు, చూసి ఏరికోరి తీసుకున్నవాళ్లే. ఆకలే వాళ్లని అలా చేసింది. ఇంతకీ నేను చెప్పొచ్చేదేమిటంటే, ఒక 19 ఏళ్ల పిల్ల రోజుకి ఇరవై రెసిపీలు సేవ్ చేసుకుని, "అక్కా ఇంకోటి" అని అడుగుతోందంటే అది వంట మీద ఇష్టం కాకపోవచ్చు. ఆకలి మాట్లాడుతూ ఉండొచ్చు.

మీరు వంటలు పెట్టడం మానక్కర్లేదు. కానీ ఏవి పెట్టాలో, ఎలా పెట్టాలో చూసుకోండి. నా పద్ధతి ఒకటుంది. బదులు వేసిన వస్తువుని దాని సొంత పేరుతో పిలవగలిగితే అది మంచి మార్పు. పునుగులు నూనెలో ముంచి తీసే బదులు అదే పిండితో గుంత పొంగనాలు వేస్తే అది పొంగనమే, ఎవర్నీ మోసం చేయదు. దొండకాయ వేపుడుకి మూకుడు నిండా నూనె పోసే బదులు మూతపెట్టి సన్నసెగన మగ్గబెడితే అది దొండకాయ కూరే. ఆనపకాయ పాలు పోసి వండితే, పెసరకట్టు చేస్తే, మజ్జిగ పులుసు పెడితే ఎవరూ దాన్ని డైట్ అనరు, మన ఇళ్లలో ఎప్పట్నుంచో ఉన్న తేలిక వంటలవి. కానీ కాలీఫ్లవర్ తురిమి దానికి పులిహోర అని పేరు పెట్టడం నాకు నచ్చదు, తిట్టుకున్నా సరే.

పులిహోర ఎలా చేస్తామో ఒక్కసారి గుర్తు చేసుకోండి. చింతపండు గుజ్జు పచ్చిమిరపకాయలతో ఉడికి ఉడికి, నూనె పైకి తేలేదాకా ఆగుతాం. ఆ నూనె తేలడమే గుర్తు. పసుపు పచ్చివాసన పోయేది ఆ నూనెలోనే, ఇంగువ ఘుమఘుమలాడేదీ అందులోనే. శనగపప్పు, వేరుశనగ గుళ్లు పంటి కింద కరకరలాడితే నాలుగు ముద్దలకే తృప్తిగా ఉంటుంది. ఇవన్నీ తీసేసి నీళ్లోడే కాలీఫ్లవర్ పొడిలో చింతపండు రసం పిండితే కడుపు ఉబ్బుతుంది గానీ నోటికి ఏమీ అందదు. రాత్రి పదకొండుకి ఫ్రిజ్ తలుపు తీసేది అందుకే. తీసి, ఉన్నది తినేసి, ఏడ్చి, మర్నాడు ఉపవాసం. ఆ పిల్ల పాయసం కథ కూడా అదే. పొద్దుట్నుంచి కడుపులో ఏమీ లేని మనిషి రెండు గ్లాసులు తాగితే అందులో ఆశ్చర్యం ఏముంది? శరీరం తనకి రావాల్సిన అప్పు వసూలు చేసుకుంది. చేబదులు తీసుకుంటే తీర్చాలి కదా.

కాలీఫ్లవర్‌ని కాలీఫ్లవర్ కూరలా చేసుకుని, పక్కన మీకు డాక్టరు చెప్పినంత అన్నం, పప్పు పెట్టుకోండి. నూనెని పూర్తిగా తీసేయకండి. ఎ, డి, ఇ, కె విటమిన్లు కొవ్వులోనే కరుగుతాయి. గోంగూర పప్పులో తిరగమోత రుచికే కాదు, ఆ ఆకులోని సారం ఒంటికి పట్టడానికి కూడా. ఈమధ్య గ్రూపుల్లో కొంజాక్ నూడుల్స్ అని తెగ మెచ్చుకుంటున్నారు. అది మన కందకి దగ్గర చుట్టం, అదే జాతి దుంప. దాని పీచు నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది, అంతే. అప్పుడప్పుడు సరదాకి తినొచ్చు, తప్పేం లేదు. రోజూ భోజనం బదులు అదే తింటే నీళ్లు తాగి నిద్రపోయినట్టు. నన్నడిగితే కంద బచ్చలి కూర వండుకోవడం మేలు. ఇక పంచదార బదులు వేసే తీపి పొడులు. బరువు తగ్గడం కోసం వాటి మీద ఆధారపడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే నెలలో సూచన ఇచ్చింది. అప్పటికే షుగర్ జబ్బు ఉన్నవాళ్లకి ఆ సూచన వర్తించదన్నారు. మీది బోర్డర్ కాబట్టి మీ డాక్టర్ని అడగండి. పాలపొడి పూతరేకుల గురించి నేనేం మాట్లాడను. ఆత్రేయపురం వాళ్లు కుండ మీద రేకు తీసి, నెయ్యి రాసి, బెల్లం చల్లి మడత పెట్టిన దానికి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గోదావరి అమ్మాయివి నీకు నేను చెప్పాలా! ఏడాదికి రెండుసార్లు అసలుది తినండి, మిగతా రోజుల్లో జామపండు తినండి.

వంట పెట్టేటప్పుడు అంకె తీసేయండి. "గిల్టీ ఫీలవక్కర్లేని స్వీటు" లాంటి మాటలు తీసేయండి. స్వీటు తినడం పాపమని ముందే ఒప్పుకుంటేనే ఆ మాటకి అర్థం ఉంటుంది. "ముందు, తర్వాత" ఫొటోలు వద్దు. "పాలు కూడా తీసేయండి" అని అడిగితే "తీసేస్తే అది సొరకాయ కషాయం అవుతుంది, నేను చెప్పను" అని నవ్వుతూ రాయండి. షుగర్ గురించి చేసుకున్న వంటలని, కాలేజీ పిల్లలకి కాదని పైన ఒక ముక్క పెట్టండి. ఎవరైనా ఆకలి తట్టుకునే చిట్కాలు పెడితే, వాటిని ఖండించడం కోసమైనా సరే మళ్లీ అందరికీ చూపించకండి. కొత్త చిట్కా నేర్పినట్టే అవుతుంది. అడ్మిన్‌కి విడిగా చెప్పండి.

ఆ రాత్రి స్క్రీన్‌షాట్ల సంగతి కూడా అడ్మిన్‌తోనే మాట్లాడాలి. మన తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2020లో వేసిన లెక్క ప్రకారం 16 నుంచి 18 ఏళ్ల ఆడపిల్లకి రోజుకి సగటున 2500 కిలోకేలరీలు కావాలి. మధ్యరకం శ్రమ చేసే పెద్దావిడకి 2130. చదువుకునే, తిరిగే, ఇంకా ఎముక గట్టిపడుతున్న పిల్లలకి ఎంత తిండి కావాలో చూడండి. మీ గ్రూపులో చప్పట్లు పడేది ఇందులో ఎంత భాగానికో మీకే తెలుసు. ఆ ఆట ఆపమని అడగండి. ఆపకపోతే బయటికి వచ్చేయండి. వచ్చేటప్పుడు ఎందుకు వస్తున్నారో రెండు ముక్కలు రాసి రండి, "అక్క" అని పిలిచేవాళ్లలో పదిమందైనా చదువుతారు. పెద్ద ప్రసంగం వద్దు.

ఇక మీరు. ఓణీల ఫంక్షన్‌కి డబ్బా పట్టుకెళ్లానని ఒక్క వాక్యంలో రాసి దాటేశారు. నేను అక్కడే ఆగాను. షుగర్ అదుపులోకి వచ్చిందని మీరే అన్నారు. అయినా విస్తరి ముందు కూర్చోలేకపోయారు. అందరూ మెచ్చుకున్నారు సరే, మీకు ఎలా అనిపించింది? పప్పూ, వంకాయ కూరా, ఒక గరిటె అన్నం, కాస్త పెరుగు, అది బోర్డర్ షుగర్ ఉన్న మనిషి తినకూడని భోజనం కాదు. బయట తినాలంటే భయం వేస్తోందా? తిన్న రోజు నిద్ర పట్టడం లేదా? లెక్క రాయని రోజు చేతులు ఊరుకోవడం లేదా? వీటిలో ఒక్కదానికి అవునన్నా సరే, ఆ పిల్లకి చెప్పిన 14416 మీకూ పనికొస్తుంది. మీకు జబ్బు ఉందని నేను అనడం లేదు, కాగితం మీద అంత తెలియదు. పైపెచ్చు మీరు ఆ పిల్ల మెసేజ్‌కి నిద్ర మానుకున్న మనిషి, ఇంకా వాళ్లలో కలిసిపోలేదు. అందుకే ఇప్పుడే అడుగుతున్నాను.

చిన్న విషయం అన్నారు, పాప అడిగిన ప్రశ్న. మీరు ఉత్తరం చివర రాశారు, నేనూ చివరికే దాచాను. ఎనిమిదేళ్ల పిల్లకి కేలరీ అంటే ఏమిటో తెలియదు. అమ్మ తినేముందు ఏదో చూస్తుంది, ఫోన్‌లో ఏదో నొక్కుతుంది, అప్పుడు గానీ తినదు. తనూ అలా చేయాలేమో అనుకుంది. "నీకెందుకే" అని కసురుకోకండి. "అది డాక్టరుగారు నాకు చెప్పిన లెక్క, షుగర్ కోసం. నీకు అక్కర్లేదు. నీకు ఆకలి ఎంత ఉంటే అంత" అని చెప్పి ఊరుకోండి. తూకం మిషన్ హాల్లోంచి తీసి బీరువాలో పెట్టండి. "అమ్మమ్మగారింటికెళ్లి లావెక్కి వచ్చావే" అని చుట్టాలు పిల్లని చూసి నవ్వితే మీరు నవ్వకండి. ఫోన్‌లో నొక్కే పని ఉంటే పాప స్కూలుకి వెళ్లాక చేసుకోండి.

రేపు పొద్దున పాప పక్కనే కూర్చోండి. మీరూ ఇడ్లీలే తినండి, మీకు తగినన్ని. కారప్పొడిలో నాలుగు చుక్కలు నెయ్యి వేసుకోండి. సాయంత్రం ఆ అమ్మాయికి ఫోన్ చేయండి. మొదటిసారి ఎత్తదు, అది మనసులో పెట్టుకోకండి, మర్నాడు మళ్లీ చేయండి. ఎత్తితే నాకు ఒక ముక్క రాయండి.